పరకాల, రామప్ప, నర్సంపేట: ఒక్క రోజు సైకిల్ చుట్టు

(హనుమకొండలో సైకిల్ తొక్కేవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఈ రూటు మీద మాట్లాడతానని చెప్పిన దగ్గర్నుంచి చాలామంది అడిగింది ఒకటే: "అన్నా, ఘాట్ ఉందా?" లేదు. శ్రీశైలం రోడ్డులాంటి వంపులు, లోయలు ఈ చుట్టులో ఎక్కడా రావు. అయినా మన ఊరి నుంచి బయల్దేరి చీకటిపడేలోపు తిరిగి రాగలిగిన దారుల్లో కాళ్లను ఇంతగా పరీక్షించేది ఇంకోటి లేదని నా అభిప్రాయం.

ముందు దారి చెప్పేస్తాను. హనుమకొండ నుంచి ములుగు రోడ్డు మీద గూడెప్పాడ్ దాకా, అక్కడ ఎడమకు తిరిగితే పరకాల. పరకాల నుంచి రేగొండ. రేగొండ దాటాక భూపాలపల్లి మెయిన్ రోడ్డు వదిలేసి గణపురం. గణపురం నుంచి పాలంపేట, అంటే రామప్ప గుడి. అక్కడి నుంచి జంగాలపల్లి మీదుగా ములుగు, తర్వాత మల్లంపల్లి, నల్లబెల్లి, నర్సంపేట, గిర్నిబావి, చివరికి వరంగల్. అంతా కలిపి సుమారు 180 కిలోమీటర్లు. నర్సంపేట నుంచి పాకాల చెరువుకు పోయి వస్తే 200 దాటుతుంది. హనుమకొండ, భూపాలపల్లి, ములుగు, వరంగల్, నాలుగు జిల్లాల నేల తొక్కినట్టు.

ఇక్కడ బ్రెవేలు, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్లు, తొక్కినవాళ్లు ఉన్నారు, వాళ్లకు తెలుసు: 200 కిలోమీటర్లకు ఇచ్చే గడువు పదమూడున్నర గంటలు. ఆ గడువులోనే ఇడ్లీ తినాలి, పంక్చర్ వేసుకోవాలి, ఫొటోలు దిగాలి. ఈ రూటులో ఆ గడువుకు చేరడం కష్టం. చేరాల్సిన పని కూడా లేదంటాను. రామప్ప దగ్గర గంట కూర్చోకుండా వచ్చేవాడు ఈ దారిలో రావడం ఎందుకు? బైపాస్ మీద అటూ ఇటూ తొక్కుకుంటే సరిపోతుంది.

మరి ఘాట్ లేనప్పుడు కష్టం ఎక్కడుంది? చడావు, అంటే ఎక్కాల్సిన ఎత్తు, ఎక్కడా పెద్దది కాదు, కానీ ఎక్కడా అయిపోదు. రోడ్డు వాగులోకి దిగుతుంది, కల్వర్టు దాటుతుంది, అవతల మళ్లీ లేస్తుంది. కారులో కూర్చుంటే అది చడావని కూడా తెలియదు. సైకిల్ కంప్యూటర్లో గ్రాఫ్ చూస్తే మాత్రం రంపం పళ్లలా ఉంటుంది. ఘాట్ రోడ్డయితే ఎక్కినంతసేపు ఎక్కి, ఆ తర్వాత దిగుతూ కాళ్లకు విశ్రాంతి ఇవ్వొచ్చు. ఇక్కడ ఉతారు, అంటే దిగుడు, నిమిషంలో అయిపోతుంది. అందుకే నూరు కిలోమీటర్లు దాటాక మోకాళ్లు లెక్క అడగడం మొదలుపెడతాయి.

నాకు ఈ రూటు నచ్చడానికి కారణం కూడా అదే ఎత్తుపల్లాలు. కాకతీయులు చెరువులు కట్టింది వాటిని చూసుకునే. చిన్న గుట్టలు, వాటి మధ్య సందులు, సందుల్లోంచి పారే వాగులు. ఏ సందు దగ్గర కట్ట వేస్తే తక్కువ మట్టితో ఎక్కువ నీరు ఆగుతుందో పట్టుకోవడమే వాళ్ల పనితనం. కట్ట, తూము, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి, కింద ఆయకట్టు, పక్కన గుడి, ఆ గుడి చుట్టూ ఊరు. గణపురం, రామప్ప, పాకాల, మూడు చోట్లా ఇదే పద్ధతి. పుస్తకంలో చదివితే ఇది సమాచారం. మీ కాళ్లతో వాగులోకి దిగి, ఎక్కి, ఇంకో వాగులోకి దిగి, అలా పొద్దుటి నుంచి చేస్తూ వచ్చి కట్ట మీద నిలబడితే, కట్ట అక్కడే ఎందుకు వేశారో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఏ వైపు నుంచి మొదలుపెట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. పట్టించుకోండి. ఈ చుట్టు తొక్కాల్సింది నవంబరు, డిసెంబరు, జనవరి నెలల్లో. ఆ కాలంలో మన దగ్గర గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది. పొద్దున గాలి నెమ్మదిగా ఉన్నప్పుడే ఉత్తరానికి, తూర్పుకు వెళ్లిపోవాలి. మధ్యాహ్నం గాలి లేచేసరికి మనం ములుగు నుంచి దక్షిణానికి తిరిగి ఉండాలి, అప్పుడది వెనక నుంచి తోస్తుంది. తిరగేసి నర్సంపేట వైపు నుంచి మొదలుపెడితే అలిసిపోయిన గంటల్లో ఎదురుగాలి తగులుతుంది. నా లెక్కలో పరకాల ముందు.

తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరితే పరకాలలో తెల్లారుతుంది. అక్కడే టిఫిన్. ఊళ్లో అమరధామం ఉంది. 1947 సెప్టెంబరు 2న నిజాం పాలన మీద జాతీయ జెండా ఎత్తడానికి వచ్చిన జనం మీద కాల్పులు జరిగిన ఊరు ఇది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. మన వాళ్లకు అది రావడానికి ఇంకో సంవత్సరం పట్టింది. పది నిమిషాలు ఆగండి.

పరకాల నుంచి రేగొండ దాకా నాకు ఇష్టం లేని భాగం. భూపాలపల్లిలో సింగరేణి గనులు, చెల్పూరులో థర్మల్ విద్యుత్ కేంద్రం, అవతల గోదావరి ఇసుక. అంటే లారీలు. రోడ్డు బాగానే ఉంటుంది. కానీ లోడు లారీ పక్కనుంచి పోయినప్పుడు వచ్చే గాలి తోపు సైకిల్‌ను ముందు బయటికి నెట్టి, తర్వాత లోపలికి లాగుతుంది. హ్యాండిల్ గట్టిగా పట్టుకుని బిగుసుకుపోవద్దు. మోచేతులు వదులుగా ఉంచండి. ఇద్దరిద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ తొక్కే సరదా ఇక్కడ వద్దు, ఒకరి వెనక ఒకరు.

రేగొండ దగ్గర పాండవుల గుట్టలు కనిపిస్తాయి. హనుమకొండలో మనకు అలవాటైనవి గుండ్రటి గ్రానైట్ బండలు. పద్మాక్షి గుట్ట చూడండి, వరంగల్ ఖిలాలో ఏకశిల చూడండి. పాండవుల గుట్టల్లో రాయి వేరు. పొరలు పొరలుగా పేర్చినట్టుండే ఇసుకరాయి. ఆ రాతి చరియల కింద ఆదిమానవులు వేసిన బొమ్మలున్నాయి. సైకిల్ మీద వచ్చిన రోజు అక్కడికి ఎక్కే టైమ్ ఉండదు, దానికి వేరే ఆదివారం పెట్టుకోండి. కానీ రాయి మారిందన్నది గమనించండి, ఎందుకంటే రామప్ప గుడికి వాడిన రాతిలో ఎక్కువ భాగం ఇసుకరాయే. మనం తొక్కుతూ గ్రానైట్ నేల నుంచి ఇసుకరాతి నేలలోకి వచ్చాం.

మెయిన్ రోడ్డు వదిలి గణపురం వైపు తిరగగానే చెవులకు హాయి. ఇక్కడి కోటగుళ్లు చూసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. నేననుకున్నదే. రామప్పకు బస్సులు కట్టుకుని వస్తారు, దానికి పది కిలోమీటర్ల లోపున్న కోటగుళ్లకు రారు. ప్రహరీ లోపల చిన్నా పెద్దా కలిపి ఇరవై రెండు గుళ్లు. చాలా వరకు శిథిలాలే. ఏనుగు మీద నిలబడ్డ సింహం, సింహానికి మనిషి ఒళ్లు, ఆ గజకేసరి బొమ్మ దగ్గర నిలబడితే రామప్ప చెక్కిన చేతులు ఇక్కడా పనిచేశాయేమో అనిపిస్తుంది. అది నా ఊహే, చరిత్ర కాదు. ఊరి పక్కనే గణపసముద్రం చెరువు. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఏలాడు, ఈ రోజు మనం చూసేవాటిలో ఎక్కువ భాగం ఆ అరవై ఏళ్లలో వచ్చినవే.

గణపురం నుంచి పాలంపేట దారి ఈ చుట్టులో అందమైన ముక్క. ఇక్కడి నుంచి ములుగు దాకా అడవి వచ్చి పోతుంటుంది. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప. జనవరి చివర్లో వెళ్తే అక్కడక్కడా మోదుగు పూత మొదలవుతుంది. ఈ దారిలో కోతులుంటాయి. అరటిపండు చేతిలో పట్టుకుని తినకండి, జెర్సీ జేబులోంచి బయటికి కనిపించేలా కూడా పెట్టుకోకండి.

రామప్ప. గుడి గురించి అందరికీ తెలిసింది మళ్లీ చెప్పను. 1213 నాటి శాసనం ప్రకారం కట్టించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నక్షత్రం ఆకారంలో పీఠం, నీళ్లలో తేలేంత తేలిక ఇటుకలతో శిఖరం, ఇసుక నింపిన పునాది. 2024 డిసెంబరు 4న పొద్దున్నే ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కదిలింది, మనకూ ఇక్కడ మంచాలు ఊగాయి కదా. ఆ తర్వాత, అదురును తట్టుకోవడానికే వేశారని చెప్పే ఈ ఇసుక పునాది సంగతి మళ్లీ అందరి నోటా నలిగింది. గైడ్లు మిమ్మల్ని హై హీల్స్ వేసుకున్న బొమ్మ దగ్గరికి తీసుకెళ్తారు. చూడండి, తప్పు లేదు. కానీ అలాంటి ఆడవాళ్ల శిల్పాలు, అంటే మదనికలు, చెక్కింది గట్టి నల్లరాతిలో అని, గోడలు ఎర్రటి ఇసుకరాతివని, రెండు రాళ్లూ ఒకే ఉలికి లొంగవని గుర్తుపెట్టుకుని చూడండి. ఆ మొత్తం పని మీద అప్పుడు గౌరవం పెరుగుతుంది.

ఒక పనికొచ్చే మాట. క్లీట్స్ (పెడల్‌కు బిగిసే బిళ్లలు) ఉన్న బూట్లు బయటే విప్పాలి, సాక్సులు మాత్రం తీయకండి. పదకొండు దాటితే డిసెంబరులో కూడా ఆ రాతి పరుపు కాలుతుంది. ఎలాగూ కాళ్లకు పని ఉంది ఇంకా.

గుడి చూసి వెనక్కి తిరిగిపోతారు చాలామంది. చెరువు కట్ట దాకా వెళ్లండి. ఆ నీళ్లలో ఇప్పుడు గోదావరి కూడా కలిసి ఉంటుంది. దేవాదుల ఎత్తిపోతల పథకంలో గోదావరి నీళ్లను పైకి తోడి రామప్ప చెరువు దాకా తెస్తారు. ఇక్కడి నుంచి సొరంగంలో ధర్మసాగర్ వైపు పంపడం ఆ పథకంలో ఒక భాగం. ధర్మసాగర్ ఎక్కడుందో మీకు తెలుసు, మన పక్కనే. అంటే మనం చెమటోడ్చి తొక్కబోయే ఎత్తును ఆ నీళ్లు మోటార్ల బలంతో ఎక్కుతాయి. కాకతీయులు నీళ్లను ఎక్కించలేదు, పారేదాన్ని ఆపారు. మన కాలం పల్లంలో ఉన్న నదిని గట్టు మీదికి తెస్తోంది. ఏది గొప్పన్నది ఇక్కడ తేల్చే విషయం కాదు గానీ, కరెంటు బిల్లు మాత్రం వాళ్లకు రాలేదు. (నవ్వులు)

భోజనం ములుగులో. కడుపు నిండా తినొద్దు. పెరుగన్నం, కొంచెం పప్పు, అంతే. ఎందుకంటే ములుగు దాటగానే గట్టమ్మ చడావు. మేడారం వెళ్లే బండ్లన్నీ ముందు గట్టమ్మ తల్లి దగ్గర ఆగి, కొబ్బరికాయ కొట్టి వెళ్తాయి. మనం ఎదురు దిశలో వస్తాం. ఎండ నడినెత్తిన, పొట్టలో అన్నం, ఎదురుగా చడావు. ఈ రూటును మధ్యలో వదిలేద్దామని అనిపించే చోటు ఏదైనా ఉందంటే అది ఇదే. గేర్ ముందే తగ్గించండి, చడావు మధ్యలో కాదు. అమ్మవారి దగ్గర ఆగితే నీడా ఉంటుంది, చాయ్ కూడా దొరుకుతుంది. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి. ఆ నెల మొత్తం ఈ రోడ్డు జాతరది, సైకిల్ వాళ్లది కాదు. అప్పుడు రావద్దు.

మల్లంపల్లిలో ఎడమకు తిరిగితే నర్సంపేట రోడ్డు. ఇప్పుడు నేను ఈ సాయంత్రం ముఖ్యంగా చెప్పాలనుకున్నది. రామప్ప నీళ్లు గోదావరిలోకి పోతాయి. పాకాల నీళ్లు మున్నేరులోకి, మున్నేరు నుంచి కృష్ణలోకి. అంటే రామప్ప నుంచి పాకాల పోయే దారిలో ఎక్కడో ఒక చోట మనం గోదావరి పరీవాహకం దాటి కృష్ణా పరీవాహకంలో అడుగుపెడుతున్నాం. అక్కడ బోర్డు ఉండదు. కొండ ఉండదు. మిగతా చడావుల్లాంటిదే ఒక చడావు. దాని అటువైపు పడిన వాన చుక్క ధవళేశ్వరం మీదుగా సముద్రానికి పోతుంది, ఇటువైపు పడింది విజయవాడ మీదుగా పోతుంది. రెండు పెద్ద నదులను విడదీసే గట్టు అంటే ఏ సహ్యాద్రో ఊహించుకుంటాం. మన దగ్గర దాని మీద పత్తి చేను ఉంటుంది, పక్కన ఒక కరెంటు స్తంభం. పిల్లలకు సైకిల్ మీద భూగోళం చెప్పాలనుకునే టీచర్లు ఎవరైనా ఉంటే, ఈ ముప్పై కిలోమీటర్ల ముక్క ఒక్కటి చాలు. ఆటోలో తీసుకెళ్తే లాభం లేదు.

నల్లబెల్లి దగ్గర్నుంచి మిర్చి చేలు. మన వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొట్టిగా, లావుగా, ఎర్రగా ఉంటుంది, కారం తక్కువ, రంగు ఎక్కువ. కల్లాల్లో ఆరబోసినప్పుడు ఆగి చూడండి. రోడ్డు మీద ఆరబోసిన వడ్లతో మాత్రం జాగ్రత్త. నవంబరులో సగం రోడ్డు కల్లమే. వడ్ల మీదికి సైకిల్ ఎక్కిస్తే జారుతుంది, అది ఒక సంగతి. రైతు కష్టం మీద టైరు తొక్కించడం ఇంకో సంగతి. అసలు ప్రమాదం వడ్లు ఎత్తేశాక. చుట్టూ అడ్డం పెట్టిన రాళ్లు రోడ్డు మీదే మిగిలిపోతాయి, చీకట్లో కనిపించవు.

నర్సంపేటలో ఒక నిర్ణయం తీసుకోవాలి. గడియారం చూడండి. మధ్యాహ్నం రెండున్నర లోపు చేరితే పాకాల వెళ్లండి. దాటితే వద్దు. పోను రాను కలిపి పాతిక కిలోమీటర్ల దాకా అదనం. పాకాల చుట్టూ అభయారణ్యం, పొద్దు గూకాక ఆ దారిలో సైకిల్ మీద ఉండటం మీకూ మంచిది కాదు, జంతువులకూ మంచిది కాదు. ఫోన్ సిగ్నల్ మీద కూడా భరోసా పెట్టుకోవద్దు.

వెళ్లగలిగితే మాత్రం, రోజంతా పడ్డ కష్టానికి ఫలితం అక్కడుంది. జగదాల ముమ్మడి నాయకుడనే అధికారి కట్టించాడని శాసనం చెబుతోంది. రెండు గుట్టల మధ్య సందును ఒక కట్టతో మూశాడు, వెనక సుమారు ముప్పై చదరపు కిలోమీటర్ల నీరు నిలిచింది. 13వ శతాబ్దంలో వేసిన కట్ట కింద ఈ రోజుకీ నాట్లు పడుతున్నాయి. వానాకాలం బాగా కొట్టిన ఏడు మత్తడి దూకడం చూడాలంటే ఊళ్లకు ఊళ్లు వస్తాయి. నీళ్లలోకి దిగకండి, పాకాలలో మొసళ్లున్నాయి. కాళ్లు తడుపుకోవాలనిపిస్తుంది, నాకు తెలుసు. బాటిల్ నీళ్లు పోసుకోండి.

నర్సంపేట నుంచి వరంగల్ రోడ్డు గురించి ఒక్కటే హెచ్చరిక. మనం పడమరకు వస్తుంటాం, ఎదురుగా పొద్దు వాలుతుంటుంది. మన కళ్లు చెదురుతాయి సరే. మన వెనక వచ్చే లారీ డ్రైవర్ కళ్లూ చెదురుతాయి, ఆయనకు మనం కనిపించం. వెనక ఎర్ర లైటు నాలుగు గంటలకే వేసేయండి. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలేసుకుని వెళ్లే ట్రాలీలు రోడ్డు మధ్యదాకా వస్తాయి. అలిసిపోయి తల దించుకుని తొక్కే టైమ్ కూడా అదే.

ఇక ప్రశ్నలు.

గేర్ సైకిల్ తప్పనిసరా అని అడుగుతున్నారు. మామూలు సైకిల్ మీద కల్లు లొట్లు కట్టుకుని ఇవే చడావులు ఎక్కే గౌడన్నలను రోజూ చూస్తాం, కాబట్టి తప్పనిసరి అని ఏ మొహంతో చెప్పను? కానీ వాళ్లు 180 తొక్కరు. మీకు గేర్లు కావాలి. టైరు మరీ సన్నది వద్దు, 28 నుంచి 32 మిల్లీమీటర్లు. రోడ్డు అంచున తుమ్మ ముళ్లుంటాయి, రెండు స్పేర్ ట్యూబులు పెట్టుకోండి. ఒక చిన్న ఇత్తడి అడాప్టర్ కూడా. మన సన్న వాల్వుకు ఊళ్లలో పంక్చర్ షాపు పంపు పట్టదు. షాపు ఉంటుంది, గాలి ఉంటుంది, మన ట్యూబులోకి మాత్రం ఎక్కదు.

నీళ్లు ఎన్ని? చలికాలంలో గంటకు అర లీటరు లెక్క వేసుకోండి, పదకొండు దాటాక ఇంకాస్త. రెండు బాటిళ్లలో ఒకదాంట్లో ఓఆర్ఎస్. ఆకలయ్యాక తినడం కాదు, గంటకోసారి ఏదో ఒకటి నమలాలి. ఖర్జూరం, పల్లీ పట్టీ, సర్వపిండి ముక్క. సర్వపిండి ఇంటి నుంచి తెచ్చుకున్నవాళ్లు నా పక్కన తొక్కండి.

వానాకాలం వెళ్లొచ్చా? పచ్చగా ఉంటుంది, నిజమే. కానీ ఈ దారి నిండా వాగులున్నాయని ఇందాకే చెప్పాను. 2023 జులైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరంతా మునిగింది. అది మనం తిరిగే ప్రాంతమే. ములుగు రోడ్డు మీద కటాక్షపూర్ చెరువు మత్తడి పోస్తే బస్సులే ఆగిపోతాయి. ఆగస్టులో వద్దు.

రెండు రోజులుగా చేయొచ్చా? హాయిగా చేయొచ్చు. మొదటి రోజు రామప్ప చూసి ములుగులో ఉండిపోండి, రెండో రోజు పొద్దున్నే నర్సంపేట మీదుగా పాకాల. అలా అయితే లక్నవరం చెరువు కూడా కలుపుకోవచ్చు. మొదటిసారి వచ్చేవాళ్లకు నేను ఇదే చెప్తాను. ఒక్క రోజులో చేయాలనుకునేవాళ్లు ముందు హనుమకొండ నుంచి రామప్పకు పోయి, వచ్చిన దారినే వెనక్కి రండి. మర్నాడు మెట్లు దిగగలిగితే అప్పుడు మాట్లాడుకుందాం.

డిసెంబరులో గ్రూపు రైడ్ పెడదామంటున్నారు. పెట్టండి. వేయి స్తంభాల గుడి ముందు నుంచి నాలుగున్నరకు. ముందు లైటు, వెనక లైటు, హెల్మెట్ మూడూ చూపించినవాళ్లే బయల్దేరతారు. వెనకబడినవాళ్ల కోసం పరకాలలో, రామప్పలో, గట్టమ్మ దగ్గర ఆగుదాం. నర్సంపేటలో ఆగం, అక్కడ ఎవరి గడియారం వాళ్లు చూసుకోవాలి.